చీలమండ బెణికాక వ్యాయామం: ఎప్పుడు, ఎంత, ఏ కొలతతో

చీలమండ బెణికిన రెండు మూడు వారాలకు నొప్పి చాలావరకు పోతుంది. నడక మామూలవుతుంది, చెప్పులు మళ్లీ పడతాయి, ఇంట్లోవాళ్లు కూడా ఎలా ఉందని అడగడం మానేస్తారు. మళ్లీ బెణికేది ఎక్కువగా ఆ తర్వాతే. తెగిన లిగమెంట్ (ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీ) పోగులు అప్పటికి ఇంకా గట్టిపడవు. పిక్క బలం తగ్గి ఉంటుంది. పాదం పక్కకు ఒరుగుతోందని మెదడుకు కబురు అందడం, కండరం వెంటనే బిగిసి దాన్ని ఆపడం రెండూ మందగించి ఉంటాయి. ఈ మూడూ నొప్పి రూపంలో బయటపడవు. అందుకే "నొప్పి తగ్గాక మొదలుపెట్టండి" అనే సలహా నాకు నచ్చదు. ఏ దశ దాటాలన్నా ఒక కొలత ఉండాలి. ఆ కొలత అందితే ముందుకెళ్లాలి, అందకపోతే అక్కడే ఇంకొన్నాళ్లు చేయాలి.

లోపల తెగేదేమిటో ముందు చూద్దాం. వేళ్లు కిందికి వాలి ఉన్నప్పుడు పాదం లోపలికి మడతపడితే, బయటి గుబ్బ (చీలమండ పక్కన పొడుచుకొచ్చే ఎముక) ముందు నుంచి పాదంలోకి దిగే చిన్న లిగమెంట్ మొదట సాగుతుంది. బయటివైపున్న మూడింటిలో బలహీనమైనది అదే. దెబ్బ పెద్దదైతే గుబ్బ కింద మడమకు దిగే రెండోదీ తెగుతుంది. వెనకది తెగడం అరుదు. ఆఖరి మెట్టు చూసుకోకుండా దిగినా, వాలీబాల్‌లో ఎగిరి అవతలివాడి పాదం మీద పడినా, గట్టు అంచు జారినా పాదం ఉండే తీరు ఒక్కటే: వేళ్లు కిందికి, అరికాలు లోపలికి. కొన్ని ఆసనాలూ కొన్ని ఈతలూ కొన్నాళ్లు ఎందుకు వద్దంటున్నానో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎముక సంగతి తేల్చుకున్నాకే మిగతావి

కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రచురించిన పరీక్ష ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దీనికి చేతివేళ్లు చాలు. బయటి గుబ్బ, లోపలి గుబ్బ రెండింటికీ వెనక అంచు వెంబడి, కింది కొన నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా నొక్కుతూ వెళ్లండి. తర్వాత పాదం బయటి అంచులో సగం దూరాన, చిటికెనవేలి వరుసలో కొంచెం పొడుచుకొచ్చినట్టుండే ఎముకను నొక్కండి. చివరగా లోపలి గుబ్బకు ముందు, కాస్త కిందగా తగిలే ఎముకను నొక్కండి. వీటిలో ఎక్కడైనా సరిగ్గా ఎముక మీదే నొప్పి పుడితే ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలిన వెంటనే, ఇప్పుడు కూడా నాలుగడుగులు వేయలేకపోతున్నా అంతే. కుంటుతూ వేసినా అడుగు వేసినట్టే లెక్క.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు, మద్యం తాగి ఉన్నవాళ్లు ఈ పరీక్షను నమ్ముకోకూడదు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లు లిగమెంట్ల కంటే బలహీనం కాబట్టి వాళ్లను డాక్టరుకు చూపించడమే మేలు. పుత్తూరు కట్టుకు వెళ్లాలనుకునేవాళ్లు, ఊళ్లో బెణుకు తీసేవాళ్ల దగ్గరికి వెళ్లేవాళ్లు కూడా ముందు ఈ పరీక్ష చేసుకోవాలి, అవసరమైతే ఎక్స్‌రే తీయించుకోవాలి. చిట్లిన ఎముకను బెణుకనుకుని లాగితే చిన్న పగులు కాస్తా పక్కకు జరిగి ఆపరేషన్ దాకా పోవచ్చు.

మొదటి మూడు రోజులు వాపును అదుపులో పెట్టడమే పని. 10 సెంటీమీటర్ల వెడల్పున్న క్రేప్ బ్యాండేజ్ తీసుకోండి. వేళ్ల మొదళ్ల దగ్గర మొదలుపెట్టి, మడమ చుట్టూ 8 అంకెలా తిప్పుతూ, గుబ్బలకు జానెడు పైదాకా చుట్టాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. కింద కొంచెం బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉండాలి. చాలామంది చీలమండ దగ్గరే నాలుగు చుట్లు బిగించి వదిలేస్తారు, వాపంతా కిందికి దిగి వేళ్లు ఉబ్బుతాయి. చుట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోతే విప్పి మళ్లీ చుట్టాలి. రాత్రి తీసేయాలి. కాలు ఎత్తి పెట్టడమంటే పడుకుని కాలి కింద రెండు మూడు దిండ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచడం. కుర్చీలో కూర్చుని ఎదురుగా స్టూలు వేసుకుంటే ఆ ఎత్తు రాదు.

ఐస్ నొప్పి తగ్గించడానికే. తడిగుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెడితే చాలు. విశ్రాంతి, ఐస్, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, ఐస్, పూర్తి విశ్రాంతి రెండూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాతి కాలంలో తనే రాశారు. వేడి కాపడం, మందు రాసి గట్టిగా మర్దన చేయడం 72 గంటల దాకా వద్దు. లోపల కారే రక్తాన్ని అవి పెంచుతాయి. పసుపు, సున్నం కలిపి వేసే పట్టులో సున్నం ఎక్కువైతే చర్మం కాలి పొక్కుతుంది. పొక్కిన చర్మం మీద ఆ తర్వాత కట్టూ బ్రేసూ (చీలమండను పట్టి ఉంచే తొడుగు) వేయలేం.

బాగా తెగినప్పుడు డాక్టరు గట్టి బూట్ గానీ పట్టీ గానీ 10 రోజుల దాకా వేయించవచ్చు, అది మేలే చేస్తుంది. ఎముక విరగకపోయినా నెలలకొద్దీ కదలనివ్వకుండా కట్టి ఉంచితే మాత్రం కీలు బిగుసుకుపోతుంది, పిక్క కరిగిపోతుంది.

నడక, కదలిక

చేతికర్ర వాడేవాళ్లలో ఎక్కువమంది దెబ్బ తగిలిన వైపే పట్టుకుంటారు. ఎదుటి చేత్తో పట్టుకోవాలి. కుడికాలు బెణికితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కర్రా కుడికాలూ కలిసి ముందుకు పడాలి. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. చంక కర్రలైతే పై అంచుకూ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంచి, బరువు అరచేతుల మీద వేయాలి. చంక మీద వేస్తే నరం నొక్కుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ తగిలిన కాలు ముందు. కుంటకుండా, మడమ ముందు ఆనించి వేళ్లతో నెట్టుతూ నడవగలిగేదాకా కర్ర వదలకూడదు. కుంటుతూ నడిస్తే మోకాలూ నడుమూ కూడా పట్టేస్తాయి.

ఎముక విరగలేదని తేలితే రెండో రోజు నుంచో మూడో రోజు నుంచో కదలిక మొదలుపెట్టవచ్చు. పడుకుని పాదాన్ని పైకీ కిందికీ 15 సార్లు ఆడించండి, రోజుకు నాలుగైదు విడతలు. ఇంకో పద్ధతి బొటనవేలితో గాల్లో అ ఆ ఇ ఈ రాయడం. అక్షరాలు పెద్దవిగా రాయాలి, మోకాలు కదలకూడదు, తిప్పేదంతా చీలమండ నుంచే జరగాలి. మన అక్షరాల్లో గుండ్రటి మలుపులు ఎక్కువ కాబట్టి పాదం అన్ని దిక్కులకూ తిరుగుతుంది. ఈ దశలో పాదాన్ని లోపలికి తిప్పేది నొప్పి రానంతవరకే.

నొప్పి లేకుండా నిలబడగలిగాక గోడ పరీక్ష చేయండి. ఇది వ్యాయామం, కొలత రెండూ. గోడకు ఎదురుగా నిలబడి, పాదం నేల మీద పూర్తిగా ఆనించి, మోకాలు వంచి గోడకు తాకించాలి. తాకితే పాదం ఒక్కో సెంటీమీటరు వెనక్కి జరపండి. మడమ లేవకుండా మోకాలు తాకే ఆఖరి చోట, బొటనవేలికీ గోడకూ ఉన్న దూరాన్ని స్కేలుతో కొలవండి. చాలామందిలో అది 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. మీకు అసలు కొలత మీ రెండో కాలే. 2 సెంటీమీటర్ల కంటే ఎక్కువ తేడా ఉంటే పరుగు మాట తలపెట్టవద్దు. రోజూ 10 చొప్పున మూడు విడతలు చేయండి. మోకాలు రెండో వేలి మీదుగా పోవాలి. లోపలికి ఒరిగితే అరికాలి వంపు కూలి కొలత తప్పు చూపుతుంది. సాగుతున్నట్టు పిక్క కింద అనిపించాలి. చీలమండ ముందువైపు పట్టుకున్నట్టు నొక్కితే బలవంతం చేయకుండా ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

వాపునూ కొలవాలి, కంటి అంచనా సరిపోదు. దర్జీ టేపు తీసుకుని చీలమండ ముందు మధ్యలో మొదలుపెట్టండి. లోపలి గుబ్బకు ముందున్న ఎముక మీదుగా దింపి, అరికాలి వంపు కింద నుంచి చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చిన ఎముకకు తెచ్చి, పాదం పైనుంచి లోపలి గుబ్బ కొనకు, మడమ వెనక నుంచి బయటి గుబ్బ కొనకు తిప్పి మొదలుపెట్టిన చోటికి తీసుకురండి. ఉదయం ఒకే వేళకు రెండు కాళ్లూ కొలిచి రాసుకోండి.

ఇక నొప్పి లెక్క. సున్నా అంటే లేదు, 10 అంటే భరించలేనంత. వ్యాయామం చేస్తుండగా 3 దాకా ఫరవాలేదు, ఆపిన కాసేపటికి తగ్గాలి, మర్నాడు పొద్దున మొదటి అడుగులు నిన్నటికంటే భారంగా ఉండకూడదు. పొద్దున నొప్పి పెరిగినా, టేపు కొలత పెరిగినా ఆ రోజు మానేసి, తర్వాత ముందటి దశ నుంచి మొదలుపెట్టండి. ఈ లెక్క పనిచేయాలంటే వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకోకూడదు. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటివి హెచ్చరికను కప్పేస్తాయి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, బీపీ ఉన్నవాళ్లకు వేరే ప్రమాదాలూ తెస్తాయి.

బలం, నిలకడ

ఎక్కువమంది వదిలేసేది ఈ భాగాన్నే. నా దృష్టిలో మిగతా అన్నింటికంటే ఇదే ముఖ్యం.

పాదాన్ని బయటికి తిప్పే కండరాలు కాలి బయటి పక్కన ఉంటాయి. మడతపడబోయే పాదాన్ని ఆపేవి అవే. మొదట కూర్చుని పాదం బయటి అంచును గోడకు ఆనించి, కదలకుండా 5 సెకన్లు నెట్టండి, 10 సార్లు. వారం తర్వాత రబ్బరు బ్యాండ్ వాడండి. మంచం కోడుకు కట్టి, రెండో కొస పాదం ముందుభాగానికి తగిలించి బయటికి లాగాలి. 15 చొప్పున మూడు విడతలు. తిరిగి వచ్చేటప్పుడు 3 సెకన్లు పట్టాలి, ఎందుకంటే బెణికే క్షణంలో ఆ కండరం సాగుతూనే ఆపాల్సి ఉంటుంది. తుంటి నుంచి కాలంతా తిరుగుతుంటే బ్యాండ్ గట్టిదైందని అర్థం.

మడమలు ఎత్తడం రెండు కాళ్లతో మొదలుపెట్టండి: 2 సెకన్లలో పైకి, ఒక సెకను ఆగి, 3 సెకన్లలో కిందికి, 15 చొప్పున మూడు విడతలు, రోజు విడిచి రోజు. తేలికయ్యాక రెండు కాళ్లతో లేచి ఒక్క కాలితో దిగండి, ఆ తర్వాత పూర్తిగా ఒక్క కాలితో. ఇక్కడ దగ్గర నుంచి గమనించాల్సింది ఒకటుంది. అలసిపోయేకొద్దీ బరువు చిటికెనవేలి వైపు జారుతుంది, మడమ బయటికి ఒరుగుతుంది. అది బెణుకు పడే దారే. పైకి లేచినప్పుడు బరువు బొటనవేలి కింది గుండ్రటి భాగం మీదే ఉండాలి. ఒరిగిన క్షణంలో ఆ విడత ముగిసినట్టే, 15 కాకపోయినా సరే. ఫోనును మడమ వెనక నేల మీద పెట్టి వీడియో తీస్తే ఇట్టే తెలుస్తుంది. లక్ష్యం ఒక్క కాలితో 20 నుంచి 25, రెండో కాలు లేచినంత ఎత్తుకే.

నిలకడకు గది మూలన నిలబడండి, రెండు గోడలూ చేతికి అందుతాయి. చెప్పుల్లేకుండా, పొడి నేల మీద, ఒంటికాలిపై 30 సెకన్లు. పట్టుకోకుండా మూడుసార్లు వరుసగా వస్తే కళ్లు మూసుకుని చేయండి. అదీ కుదిరితే మడిచిన దుప్పటి మీద, ఆ తర్వాత ఎవరైనా బంతి విసురుతుంటే పట్టుకుంటూ. తడి బాత్రూములో, మెట్ల అంచున ఈ సాధన ఎప్పుడూ వద్దు. తర్వాతి మెట్టు నేల మీద టేపుతో మూడు గీతలు అంటించి చేసేది: ఒకటి ముందుకు, రెండు వెనక్కి ఏటవాలుగా. దెబ్బ తగిలిన కాలి మీద నిలబడి రెండో కాలి వేళ్లతో ఎంత దూరం తాకగలరో ప్రతి గీత మీదా చూడాలి. ముందుకు తాకే దూరంలో రెండు కాళ్లకూ 4 సెంటీమీటర్లకు పైగా తేడా ఉంటే ఆటకు ఇంకా వేళ కాలేదు.

మిగతా శరీరం ఖాళీగా ఉండక్కర్లేదు

మొదటి వారం నుంచే కూర్చుని డంబెల్స్ ఎత్తవచ్చు, పడుకుని పొట్ట వ్యాయామాలు చేయవచ్చు, మోకాళ్లపై పుషప్స్ తీయవచ్చు. మోకాళ్లపై ఉన్నప్పుడు పాదం వెనక్కి వాలి నొక్కుకోకుండా పాదాలు గాల్లోకి ఎత్తండి. పుల్-అప్ కడ్డీ నుంచి దూకి దిగకూడదు, కింద స్టూలు ఉండాలి. జిమ్‌లో నిలబడి బరువు ఎత్తేవి కుంటు పూర్తిగా పోయాకే.

సైకిల్ యంత్రం మొదట్లో మంచి తోడు. సీటు కొంచెం పైకి పెట్టి, పెడల్‌ను పాదం మధ్యభాగంతో తొక్కండి. వేళ్లతో తొక్కితే చీలమండ ఎక్కువ ఆడుతుంది. 10 నిమిషాలతో మొదలుపెట్టి 30కి పెంచండి. ఈతలో కాళ్లు ఆడించేటప్పుడు వేళ్లు వెనక్కి సాగి, దెబ్బ తిన్న లిగమెంట్ లాగుతుంది. కప్ప ఈతలో పాదం మెలిక పడుతుంది. తొడల మధ్య నీటిలో తేలే ఫోమ్ ముక్క పెట్టుకుని చేతులతోనే ఈదితే రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

ఆసనాల్లో మొదటి ఆరు వారాలు వజ్రాసనం వద్దు. పాదం ముందుభాగాన్ని అది సరిగ్గా చెడు దిక్కుకే సాగదీస్తుంది. నమాజులో మోకాళ్లపై కూర్చునేవాళ్లు కుర్చీ వాడుకోవచ్చు. బాసింపట్టు వేసి కూర్చుంటే పాదం లోపలికి తిరిగి బయటి గుబ్బ నేలకు నొక్కుకుంటుంది, కాబట్టి భోజనానికి కొన్నాళ్లు బల్లే మేలు. సూర్యనమస్కారాల్లో వెనక్కి ఎగిరే బదులు ఒక్కో కాలూ జరపండి. వృక్షాసనం మాత్రం పైన చెప్పిన నిలకడ సాధనే, గోడ పక్కన చేయండి. నేలబారు మరుగుదొడ్డిలో గొంతుకు కూర్చోవడానికి గోడ పరీక్షలో కావలసిన వంపే కావాలి. అది రాకముందు కూర్చుంటే మడమలు లేచి వెనక్కి పడతారు. పెద్దవాళ్లకు ఇది నిజమైన ప్రమాదం.

షుగర్ ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. పెద్దగా నొప్పి లేకుండానే పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా ఉంటే అది బెణుకు కాకపోవచ్చు. స్పర్శ తగ్గిన పాదంలో ఎముకలు లోలోపల కుంగుతున్న స్థితి కావచ్చు. వ్యాయామం సంగతి పక్కనపెట్టి, ఆ కాలి మీద బరువు వేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాలు కట్టులో ఉన్నప్పుడో ఆ తర్వాతో పిక్క వాచి నొప్పి పెడితే, ఊపిరి ఆడనట్టుంటే అదీ అత్యవసరమే, రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

పరుగుకూ ఆటకూ తిరిగి వెళ్లడం

పరుగుకు ముందు నాలుగూ కావాలి: 30 నిమిషాలు వేగంగా నడిచినా మర్నాడు వాపు లేకపోవడం, గోడ పరీక్షలో తేడా 2 సెంటీమీటర్ల లోపు, ఒక్క కాలితో 20 మడమ ఎత్తులు, ఒక్క కాలితో 10 గెంతులు చప్పుడు లేకుండా దిగడం. గెంతులు రెండు కాళ్లతో ఉన్నచోటే మొదలై, ముందుకూ వెనక్కీ, పక్కలకూ, ఆపైన ఒంటికాలికి రావాలి. నాలుగూ కుదిరాక చదునైన మట్టి ట్రాక్ మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిది విడతలు, రోజు విడిచి రోజు. ప్రతి వారం పరుగు భాగాన్ని కొద్దిగా పెంచండి. మర్నాడు టేపు కొలత పెరగకపోతేనే.

ఆటగాళ్లకు నేరుగా పరుగొక్కటే చాలదు. 10 మీటర్ల దూరంలో రెండు రాళ్లు పెట్టి 8 అంకెలా పరుగెత్తండి, తర్వాత 5 మీటర్లకు తగ్గించండి. ఆ తర్వాత పక్కలకు అడుగులు, ఒక్కసారిగా ఆగి మళ్లడం, ఆఖరున ఎదురుగా మనిషి ఉన్న ఆట. కబడ్డీ ఆడేవాళ్లు పట్టులో కాలు చిక్కుకునే సాధనను అన్నింటికంటే చివర పెట్టుకోవాలి. షటిల్ ఆడేవాళ్లకు బూట్ల గురించి గట్టిగా చెప్పాలి: పరుగు బూట్లతో కోర్టులోకి వద్దు. వాటి మడమ ఎత్తుగా, మెత్తగా ఉంటుంది, పక్కకు అడుగు వేస్తే అంచు మీద నుంచి పాదం దొర్లిపోతుంది. కోర్టు బూట్ల అడుగు పలచగా, వెడల్పుగా ఉంటుంది.

తిరుమలకు నడిచి వెళ్లే మొక్కున్నవాళ్లు అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని గుర్తుంచుకుని ఇంట్లోనే సిద్ధపడండి. రెండంతస్తుల మెట్లు ఆగకుండా పదిసార్లు ఎక్కగలిగి, మర్నాడు పాదం మామూలుగా ఉంటే మొదలుపెట్టవచ్చు. దిగేటప్పుడు ఒక్క కాలి మీద బరువు ఆపుతూ చీలమండ వంచాలి కాబట్టి దిగడమే కష్టం. తిరుగు ప్రయాణం బస్సులో చేయండి. చెప్పుల్లేకుండా నడవాలనుకుంటే అంతకు ముందు కొన్ని వారాలు ఇంటి దగ్గర కొద్దికొద్దిగా అలవాటు చేయాలి.

బ్రేస్ విషయానికొస్తే, జారుగా తొడిగే సాగే గుడ్డ తొడుగు వెచ్చదనం ఇస్తుంది గానీ పాదం మడతపడితే ఆపలేదు. లేసులతో బిగించేది, పక్కలకు గట్టి పట్టీలున్నది కొనండి. ఆటలోనూ గతుకుల నేల మీదా 6 నుంచి 12 నెలల దాకా వేసుకోండి. ఇంట్లో, ఒంటికాలి సాధనలో తీసేయండి. బ్రేస్ వేస్తే కాలు బలహీనమవుతుందన్న భయం అక్కర్లేదు, బలం పోయేది వ్యాయామం మానితేనే. మడమ ఎత్తులూ నిలకడా వారానికి మూడు రోజులు, పది నిమిషాలు చొప్పున, ఆ ఏడాదంతా సాగాలి.

రెండు మూడు నెలలు ఇవన్నీ సరిగ్గా చేసినా పాదం దానంతటదే మడతపడుతుంటే, లోపల ఏదో ఇరుక్కున్నట్టు కీలు ఆగిపోతుంటే, లోతుగా నొప్పి వదలకుంటే ఎముక చివరి మృదులాస్థి చిట్లి ఉండవచ్చు. మొదటి నుంచీ నొప్పి గుబ్బల పైన, కాలి రెండు ఎముకల మధ్యే ఉంటే అది పై లిగమెంట్ల దెబ్బ. మామూలు బెణుకు కంటే బాగా ఆలస్యంగా తగ్గుతుంది, పైన చెప్పిన వారాల లెక్కలు దానికి వర్తించవు. ఈ రెండింటికీ ఆర్థోపెడిక్ డాక్టరును కలిసి, అవసరమంటే ఎమ్మారై తీయించుకోండి. వెళ్లేటప్పుడు రాసుకున్న టేపు కొలతలూ గోడ పరీక్ష అంకెలూ తీసుకెళ్తే ఏ దశలో ఆగిపోయారో డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.